తెర ముందు పది నిమిషాలు

"ఆంటీ, ఒక్క పది నిమిషాలు మేనేజ్ చేయండి ప్లీజ్. ఏదో ఒకటి చేసేయండి."

నా కళాజీవితమంతా ఈ రెండు ముక్కల్లో ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా అమెరికాలో తెలుగువాళ్ళ సభల్లో నేను మిమిక్రీ చేశాను. నటుల గొంతులు, నాయకుల గొంతులు నాకు రావు. నాకు వచ్చింది వాయిద్యాలు. సన్నాయి, డోలు, వీణ, క్లారినెట్, పెళ్ళి బ్యాండు, అన్నీ నోటితోనే. అయినా ఏ సభ ఆహ్వానపత్రంలోనూ నా పేరు ముందుగా అచ్చు కాలేదు. పిల్లలు ఒక డాన్సు ముగించి రెండో డాన్సుకి బట్టలు మార్చుకునేలోగా, ముఖ్య అతిథి దిగబడేలోగా, మైకులు మొరాయించినప్పుడు, తెర వేసేసి ఆ తెర ముందు నన్ను నిలబెట్టేవారు. నా వెనక బల్లలు జరుపుతున్న చప్పుడు, పిల్లల కీచులాటలు, ఎవరో తల్లి "పిన్ను ఏదీ? పిన్ను ఏదీ?" అని అరవడం. నా ముందు ఆరువందల మంది. నడుమ నేను.

ఆ "ఏదో ఒకటి" అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. సన్నాయి ఏదో ఒకటా? డోలు ఏదో ఒకటా? ఒకసారి ఒక కార్యదర్శిని మొహం మీదే అడిగాను. "నాయనా, మీ ఆవిడ చీర ఏదో ఒకటి కట్టుకొచ్చిందా?" అని. పాపం, అతను వణికిపోయాడు. తర్వాత సభకి నన్ను పిలవలేదు. ఆ తర్వాత సభకి వాళ్ళ ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యమయ్యాడు, మళ్ళీ పిలిచారు.

నాకీ విద్య తెనాలిలో అబ్బింది. మా ఎదురింట్లో సన్నాయి మేళంలో డోలు వాయించే పెద్దాయన ఉండేవాడు. మేం మేళం తాత అనేవాళ్ళం. పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఒక చేత్తో కర్ర పట్టుకుని, ఇంకో చేతి వేళ్ళకి తొడుగులు వేసుకుని సాధన చేసేవాడు. మా అరుగు మీద కూర్చుని నేను బుగ్గలతో, పెదాలతో, గొంతుతో ఆయన్ని వెంబడించేదాన్ని. మా అమ్మ లోపల్నుంచి అట్లకాడ పట్టుకుని వచ్చేది.

"ఆడపిల్లవి, ఆ బుగ్గలేమిటే, ఆ మూతి వంకర్లేమిటే! రేపు పెళ్ళిచూపుల్లో కూడా ఇలాగే కూర్చుంటావా?"

ఒకరోజు మేళం తాత నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. చెయ్యమన్నాడు. కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు.

"అంతా బావుంది గానీ, డోలు ఊపిరి పీల్చదమ్మా. నువ్వు పీలుస్తున్నావు" అన్నాడు.

నిజమే. నాలుగు దెబ్బలు పడ్డాక, అయిదో దెబ్బకి ముందు, నా ముక్కు 'స్' అని చిన్న చప్పుడు చేసేది. గాలి లేకపోతే నేను చస్తాను కదా! కానీ ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆ చప్పుడు వినపడకుండా చేయడానికి జన్మంతా తంటాలు పడ్డాను. మైకు పక్కకి తిప్పేదాన్ని. సరిగ్గా అప్పుడే కాలితో నేలని తన్నేదాన్ని. గాజులు గలగలలాడించేదాన్ని. జనంలో ఒక్కరు కూడా ఎప్పుడూ కనిపెట్టలేదు. నాకు మాత్రం ప్రతిసారీ వినపడేది.

పెళ్ళయ్యాక మా ఆయనతో అట్లాంటా పక్కనున్న ఆల్ఫారెట్టా వచ్చాను. ఆయనకి హెచ్-వన్ వీసా, నాకు హెచ్-ఫోర్. అంటే ఇంట్లో కూర్చోవడమే నా ఉద్యోగం. ఒక ఉగాది సభకి వెళ్తే, అక్కడ మైకు దగ్గర వరంగల్ కుర్రాడొకడు చెమటలు కక్కుతున్నాడు. వాడి భార్యకి నా సంగతి తెలుసు, అపార్ట్‌మెంట్లో పక్క వాటా. వాడు పరుగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకున్నాడు.

"అక్కా, జర ఆదుకో అక్కా. చీఫ్ గెస్ట్ ఇంకా ఎయిర్‌పోర్ట్‌లనే ఉన్నడు. జనమంత లేసి సమోసాల కాడికి పోతున్నరు."

లేచాను. తెర ముందు నిలబడి ఒక పెళ్ళి చేశాను. విడిదింటికి బ్యాండు రావడం, అందులో ఆయాసపడే ముసలి క్లారినెట్టు, మిగతావాళ్ళు ఆగినా తను ఆగని కుర్ర డ్రమ్ము, తర్వాత సన్నాయి, డోలు. సరిగ్గా ముహూర్తానికి ఆ నోటి పెళ్ళిలో కరెంటు పోయింది. జనరేటరు లాగారు. అది రెండుసార్లు దగ్గి ఆగింది, మూడోసారి అందుకుంది. ఆ జనరేటరు చప్పుడుకి హాలు హాలంతా లేచి నిలబడింది! సమోసాల దగ్గరున్నవాళ్ళు ప్లేట్లతో సహా వెనక్కి పరుగెత్తుకొచ్చారు. అయిపోయాక ఒకాయన నా దగ్గరికి వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ, "మేడమ్, ఆ జనరేటర్ ఇంకొక్కసారి" అన్నాడు. సన్నాయి కాదట, జనరేటరట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఇంకోసారి చేశాను.

అలా మొదలైంది. వీసా ప్రకారం నేను పని చేయకూడదు కాబట్టి ప్రతి సభలోనూ డబ్బులకి బదులు ఒక శాలువా కప్పేవారు. వీసా మారాక కూడా శాలువాలే కప్పారు, అది వేరే సంగతి. కమ్మింగ్‌లో ఇల్లు కొన్నప్పుడు పై గదిలో ఒక అలమరా నిండా అవే. "ఇంకో పది శాలువాలొస్తే మనం గరాజ్‌లో పడుకోవాలోయ్" అనేవారు మా ఆయన. అన్నారే గానీ, ఒక్క శాలువా కూడా ఎవరికీ ఇవ్వనిచ్చేవారు కాదు.

ఇక మా అమ్మాయి సంగతి. దానికి తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ స్కూల్లో అన్ని దేశాల పిల్లల తల్లిదండ్రులూ ఏదైనా చేసి చూపించే పండుగ పెట్టారు. ఒకావిడ పేపర్ కొంగలు చేసింది. ఒకావిడ రొట్టెలు తెచ్చింది. నేను డోలు చేశాను. పిల్లలు పడీపడీ నవ్వారు. నేను పొంగిపోయాను. తెలివితక్కువదాన్ని, వాళ్ళు దేనికి నవ్వుతున్నారో చూసుకోలేదు. నా బుగ్గలకి నవ్వారు. మర్నాటి నుంచి మా పిల్ల బస్సెక్కితే చాలు, వెనక సీట్లలో పిల్లలు బుగ్గలు పూరించి డుం డుం అనేవారట. రెండు వారాలు నాకు చెప్పలేదు. ఒక సాయంత్రం కార్లో ఉన్నప్పుడు చెప్పింది.

"అమ్మా, నువ్వు మళ్ళీ అది చెయ్యొద్దు. నా ముందు ఎప్పుడూ చెయ్యొద్దు. ఐ మీన్ ఇట్."

"అది కాదే, వాళ్ళకి తెలీక..."

"ప్రామిస్ చెయ్ అమ్మా."

తల కొట్టేసినట్టయింది. ప్రామిస్ చేశాను. ఆ రోజు మొదలు ఇంట్లో నోరెత్తలేదు. కూనిరాగం కూడా తీయలేదు. సాధన అంతా స్నానాల గదిలో, షవర్ వదిలి.

అయితే నాదీ తెనాలి బుర్రే కదా. ఆ పిల్ల కూచిపూడి నేర్చుకుంటోంది. ప్రతి సభలోనూ దానికి రెండు డాన్సులు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య బట్టలు మార్చుకోవాలి. ఆ పది నిమిషాలూ తెర ముందు నన్ను నిలబెట్టేవారు. "నీ ముందు చేయనన్నాను. నువ్వు తెర వెనక కదా ఉన్నావు" అనేదాన్ని. అది కళ్ళు తిప్పి ఊరుకునేది. మిగతా పిల్లలకి తల్లులు జడలు బిగించేవారు, మా పిల్లకి పక్కింటావిడ బిగించేది. దాని అమ్మ తెర అవతల పీపీ డుం డుం అంటూ ఉండేది. ఎనిమిదేళ్ళు అలా నడిచింది. నా మొత్తం ఆటని అది ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు.

దానికి పదహారో ఏట డల్లాస్ దగ్గర ప్లేనోలో ఒక పెళ్ళికి వెళ్ళాం. స్నేహితురాలి కూతురు పెళ్ళి. ఖర్చంతా పూల మీదా భోజనాల మీదా పెట్టి, మేళం మాత్రం ఫోన్లో పెట్టారు. పెళ్ళికొడుకు బాబాయి తన ఫోన్లో గట్టి మేళం వీడియో వెతికి స్పీకర్‌కి కలిపి సిద్ధంగా నిలబడ్డాడు. అడ్డుతెరకి అటు పెళ్ళికూతురు, ఇటు పెళ్ళికొడుకు, చేతుల్లో జీలకర్ర బెల్లం. పురోహితులు చెయ్యెత్తి "గట్టి మేళం! గట్టి మేళం!" అన్నారు. ఆ క్షణంలో తుమ్ములు, చెడ్డ మాటలు ఏవీ చెవిన పడకూడదనే కదా ఆ మేళం. బాబాయిగారు బటన్ నొక్కారు.

"మీరు హఠాత్తుగా మరణిస్తే మీ కుటుంబం గతేమిటి?" అని ఇంగ్లీషులో ఖణీమని ఒక మగ గొంతు. ఇన్సూరెన్స్ ప్రకటన!

పెళ్ళికూతురి నాయనమ్మ "రామ రామ!" అని చెవులు మూసుకుంది. బాబాయి కంగారులో ఫోన్ కింద పడేశాడు, అది కిందపడి కూడా మాట్లాడుతూనే ఉంది. నేనేం చేశానో నాకే తెలియదు. రెండు అంగల్లో మండపం ఎక్కి పురోహితుల చేతిలోంచి మైకు లాక్కున్నాను. చేతనైనంత గట్టిగా మేళం కొట్టాను. డోలు, దాని మీద సన్నాయి, మళ్ళీ డోలు. జీలకర్ర బెల్లం పడింది, తెర జారింది, అక్షింతలు పడ్డాయి. అందరూ ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. ఆ రోజు మొదలు డల్లాస్ నుంచి అట్లాంటా దాకా నా పేరు గట్టి మేళం ఆంటీ.

తిరిగి ఎయిర్‌పోర్టుకి వెళ్తూ మా అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అలాగే అంది.

"నా పెళ్ళిలో మాత్రం వద్దు అమ్మా."

"సరే."

"ఒట్టు వెయ్."

దాని తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళకి మేళం కట్టే మనిషిని సొంత కూతురి పెళ్ళికి నోరు మూసుకోవాలి! బయటికి మాత్రం నవ్వాను.

ఆ తర్వాత రోజులు మారాయి. సభల్లో తెరలు పోయి వెనక పెద్ద ఎల్ఈడీ గోడలు వచ్చాయి. పిల్లలు బట్టలు మార్చుకునేలోగా ఆ గోడ మీద స్పాన్సర్ల వీడియోలు వేస్తున్నారు. తెర లేకపోతే తెర ముందు మనిషి అవసరం ఏముంటుంది? పిలుపులు తగ్గాయి. మొదట ఒళ్ళు మండింది, తర్వాత బెంగ పట్టుకుంది. కమ్మింగ్‌లో ఏదైనా సభకి వెళ్తే ప్రేక్షకుల్లో కూర్చుని ఆ వీడియోలు నడిచినంతసేపూ నా వేళ్ళు ఒళ్ళో తాళం వేస్తూ ఉండేవి.

ఆపైన గొంతు. బొంగురుపోతే జలుబనుకున్నాను. మూడు నెలలైనా తగ్గలేదు. డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి చూసింది. స్వరతంత్రుల మీద కాయలు కాశాయంది. తీసేయాలంది. మాట్లాడే గొంతు వస్తుంది గానీ, మీరు చేసే ఆ చప్పుళ్ళు మాత్రం మళ్ళీ రాకపోవచ్చు అంది. "ఇన్నేళ్ళు ఈ గొంతుతో అసలు ఏం చేశారు మీరు?" అని అడిగింది.

ఆ రోజు పార్కింగ్‌లో కార్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. గొంతు పోతున్నందుకు కొంత. అంతకంటే, నేను చేసినదానికి గుర్తంటూ ఏమీ మిగలడం లేదని. ఒక్క వీడియో లేదు. నమ్మండి, ఇరవై ఏళ్ళలో ఒక్కటి లేదు. నేను తెర ముందుకి రాగానే వీడియో తీసేవాళ్ళు కెమెరా ఆపేసి సమోసాలకి వెళ్ళేవారు. వాళ్ళకీ అది విరామమే కదా. ప్లేనో పెళ్ళి వీడియోలో కూడా సరిగ్గా అక్కడ సినిమా పాట అతికించారు. అలమరా నిండా శాలువాలున్నాయి. మేళం మాత్రం ఒక్క దెబ్బ కూడా లేదు.

ఆపరేషన్‌కి ముందు వారం అమ్మాయి డల్లాస్ నుంచి వచ్చింది. అప్పటికి అక్కడే ఉద్యోగం, పెళ్ళి కుదిరింది.

"అమ్మా, నీ ప్రోగ్రామ్‌వి రికార్డింగ్స్ ఏమైనా ఉన్నాయా?"

"ఎందుకే? ఇప్పుడేం చేసుకుంటావు?"

"ఊరికే అడిగా."

"లేవు" అన్నాను. గొంతు నొప్పి వల్ల ఆ ఒక్క మాటే వచ్చింది. నాకు ఉక్రోషం వచ్చింది. ఇన్నేళ్ళు వద్దని, పోయే ముందు రికార్డింగులా?

ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు మౌనం. పలక మీద రాసి చూపించేదాన్ని. మా ఆయన ఆ మూడు వారాలు ఎంత హాయిగా ఉన్నారో ఊరంతా చెప్పుకున్నారు. మౌనం తీరాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు గరాజ్‌లోకి వెళ్ళి డోలు మొదలుపెట్టాను. ఉత్త గాలి. మళ్ళీ ప్రయత్నించాను. పంక్చరైన టైరులా ఫుస్సుమంది. ఇక ఆ తలుపు మూసేశాను.

పెళ్ళి ఏప్రిల్‌లో, కమ్మింగ్‌లోనే. మేళానికి డీజే. కుర్రాడు మంచివాడు. నేను మూడుసార్లు వెళ్ళి బొంగురు గొంతుతో అడిగాను.

"బాబూ, ట్రాక్ డౌన్‌లోడ్ చేశావా? ప్రకటనలు రావు కదా?"

"చేశాను ఆంటీ. మీరు టెన్షన్ పడకండి."

ముహూర్తం పగలు పదకొండు దాటాక. మేనమామలు అమ్మాయిని బుట్టలో తెచ్చి కూర్చోబెట్టారు. పీటల మీద నేనూ మా ఆయనా. కన్యాదానం అయింది. నా కూతురి మెడ దగ్గర, హారాల మధ్య, చిన్న మైకు ఒకటి కనిపించింది. వీడియోవాళ్ళ గొడవ అనుకున్నాను. అడ్డుతెర పట్టారు. జీలకర్ర బెల్లం చేతుల్లో పెట్టారు. పురోహితులు గడియారం చూసుకుని చెయ్యెత్తారు.

"గట్టి మేళం! గట్టి మేళం!"

ఏమీ లేదు.

తల తిప్పి డీజేని చూశాను. వాడు రెండు చేతులూ పైకెత్తి నవ్వుతున్నాడు. నవ్వుతాడేమిటి వీడు! ఒక్క ఉదుటున లేవబోయాను. మా ఆయన నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టారు. గొంతు సవరించుకున్నాను, ఒట్టూ లేదు గిట్టూ లేదు, కొట్టేద్దామని. రాలేదు. గాలి కూడా సరిగ్గా రాలేదు.

అప్పుడు వినపడింది. డోలు.

స్పీకర్లలోంచి వస్తోంది. డీజే పెట్టెలోంచి మాత్రం కాదు. అడ్డుతెర పక్కనుంచి చూశాను. మా పిల్ల ఒక చెయ్యి పెళ్ళికొడుకు నెత్తి మీద ఉంది, కళ్ళు మూసుకుంది, బాసికం కింద బుగ్గలు రెండూ పూరీల్లా పొంగి ఉన్నాయి. మేళం కొడుతోంది. నా మేళమే, నా నడకే, నేను ఎక్కడ జోరు పెంచుతానో అక్కడే పెంచుతోంది. తెర వెనక జడ బిగించుకుంటూ, గజ్జెలు కట్టుకుంటూ, ఎనిమిదేళ్ళు విన్నది విన్నట్టు దింపేసింది. సన్నాయి దగ్గర శ్రుతి తప్పింది. మళ్ళీ పట్టుకుంది. హాల్లో దాని స్నేహితులు ఈలలు వేస్తున్నారు. పెళ్ళికొడుకు నవ్వాపుకోలేక ఊగిపోతున్నాడు. మా ఆయన ఏడుస్తున్నారు. ఆయనకి ముందే తెలుసట, దొంగ మనిషి.

మళ్ళీ డోలుకి వచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో దెబ్బకి ముందు స్పీకర్లలో స్పష్టంగా 'స్' అని ముక్కు చప్పుడు.

మొదటిసారి అనుకోకుండా వచ్చిందనుకున్నాను. రెండోసారి వచ్చింది. మూడోసారీ వచ్చింది, సరిగ్గా అక్కడే. నేను గాజులు గలగలలాడించి, కాలు తన్ని, మైకు తిప్పి, చిన్నప్పటి నుంచి దాచుకున్న తప్పు. దానికి ఊపిరి అందక కాదు. కావాలనే పెడుతోంది. తెర ముందు ఆరువందల మందికి వినపడనిది తెర వెనక ఒక్కదానికి వినపడింది.

అక్షింతలు పడుతున్నాయి. తెర దించేశారు. ఆ క్షణంలో పెళ్ళికూతురు మొదట పెళ్ళికొడుకుని చూడాలి, అది ఆచారం. అది తల తిప్పి నన్ను చూసింది. నా కళ్ళలోంచి ధారలు కారిపోతున్నాయి. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది?

"డోలు ఊపిరి పీల్చదే" అన్నాను, ఆ బొంగురు గొంతుతోనే.

"నేను డోలు చెయ్యలేదు అమ్మా" అంది. "నిన్ను చేశా."

"అమ్మాయ్, అటు కాదమ్మా, ఇటు, పెళ్ళికొడుకు ఇటున్నాడు" అంటున్నారు పురోహితులు.